గూడుసైకిలు మన బాటలకేల రాలేదు?

సంఘ సభ్యులకును, తోడి రైతులకును విజ్ఞప్తి.

గడచిన కొన్ని మాసములుగా మేము నరసరావుపేట, గురజాల, మాచర్ల తట్టు గ్రామములలో తిరుగుచుండగా, పడుచువారైన సభ్యులు కొందఱు తమ ఫోనులలో ఒక వింతబండి బొమ్మను చూపి మమ్ము ప్రశ్నించుచున్నారు. ఆ బండి సాగదీసిన కోడిగ్రుడ్డు వలె నుండును. దానికి మూడు చక్రములు, చుట్టును తేలికపాటి తొడుగు. లోపల మనిషి వెనుకకు వాలి, కాళ్లు ముందునకు చాచి, పెడళ్లు త్రొక్కుచుండును. ఐరోపావారు దీనిని వెలోమొబైలు అందురు. మన గూడుబండి యను మాటను బట్టి మేము దీనిని గూడుసైకిలు అనుచున్నాము. "అయ్యా, దీనికి పెట్రోలు అక్కఱలేదు గదా; వానకు తడియము, ఎండకు మాడము. ఇట్టిది మన యూళ్లలో నేల లేదు? కొనుటకు సంఘము అప్పిచ్చునా?" అనునదే వారి ప్రశ్న.

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట తగదు. కౌలురైతు ఇంటిలో మోటారుసైకిలు నూనెకగు ఖర్చు ఎరువుల ఖర్చుతో పాటు లెక్కకు వచ్చుచున్నది. రెంటచింతలలో వేసవిని వేడి నలుబదియైదు డిగ్రీలను మించుట మనమెఱుగనిది కాదు. మిరపకాయ కోతలు ముగిసి కల్లములలో కాయ ఎండుచున్న దినములలో సైకిలుపై పోవు ముసలివారికి వడదెబ్బ తగులుట ఏటేట వినుచునే యున్నాము. కావున త్రొక్కువానికి నీడ కావలెనను కోరిక న్యాయమైనది. ఆ నీడ ఈ బండి రూపమున రావలెనా, మఱియొక రూపమున రావలెనా యనునదే విచారింపదగినది.

మొదట దీని పుట్టుక చెప్పుదుము. ఫ్రాన్సు దేశమున షార్ల్ మోషే అను నతడు 1920 తరువాతి దశాబ్దమున తన కుమారునికై నాలుగు చక్రముల చిన్న త్రొక్కుడుబండి యొకటి చేసెను. దానిని చూచి పెద్దలు తమకును కావలెననగా, ఇద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి త్రొక్కునట్టి వెలోకారు అను బండ్లను చేసి అమ్మసాగెను. యుద్ధకాలమున ఫ్రాన్సులో పెట్రోలు కఱవైనపుడు ఇట్టి బండ్లకు గిరాకి హెచ్చినది. యుద్ధము ముగిసి పెట్రోలు తిరిగి దొరకగానే అదే యింటివారు చిన్నచిన్న మోటారుబండ్లను చేయుటకు మరలిరి. స్వీడను దేశమునందును ఆ కాలముననే ఇంటివద్ద చేసికొనదగిన గూడుసైకిలు నమూనా పటములు విరివిగా అమ్ముడు పోయినవి. పటము కొన్నవారిలో బండి పూర్తి చేసినవారు మాత్రము బహు కొద్దిమంది. 1980 తరువాత డెన్మార్కులోను, 1990 తరువాత హాలెండులోను ఈ పని మరల మొదలై నేటికిని సాగుచున్నది. హాలెండులోని డ్రోంటెను పట్టణమున ఈ బండ్లు చేయువారు కలరు. ఐనను, సైకిళ్లకు పెట్టినిల్లైన ఆ దేశమున సైతము వీథిలో నూఱు సైకిళ్లు పోవునప్పుడు గూడుసైకిలు ఒకటి కానవచ్చుట అరుదే. పలనాటిలో లేదని మనము సిగ్గుపడనక్కఱలేదు.

ఈ బండిని మెచ్చుకొనువారు దీనికి జరిగిన అన్యాయ మొకటి చెప్పుదురు. 1914లో ఆస్కార్ ఎగ్ అను పందెగాడు ఒక గంటలో 44 కిలోమీటర్లకు పైగా సైకిలు త్రొక్కగా, ఆ లెక్కను ఇరువదేండ్లకు దగ్గఱగా ఎవరును దాటలేకపోయిరి. 1933లో మోషే చేసిన వాలుసైకిలుపై ఫ్రాన్సిస్ ఫోర్ అనునతడు 45 కిలోమీటర్లు దాటెను. అతడు మొదటి తరగతి పందెగాడు కాడు. ఇది చూచి పందెముల పెత్తనము గల అంతర్జాతీయ సంఘమువారు 1934లో అట్టి వాలుసైకిళ్లను, తొడుగులను తమ లెక్కలలోనికి రానీయమని శాసించిరి. అందువలననే లోకమంతట నిటారు సైకిలు నిలిచెననియు, వాలుసైకిలు వెనుకబడెననియు వారి వాదము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. పందెములో గెలిచినదానినే కార్ఖానావాడు చేయును. కాని మన గ్రామములలో సైకిలు కొన్న రైతు ఫ్రాన్సు పందెములను చూచి కొనలేదు. పాలక్యాను తగిలించుటకు, గడ్డిమోపు కట్టుటకు, ముందు కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుటకు పనికివచ్చునని కొనెను. కావున మన సంగతిలో కారణమును మన నేలయందే వెదకవలెను.

గాలి లెక్క కొంచెము తెలిసికొనుడు. బండి వడి రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగురెట్లగును; దానిని త్రోసికొని పోవుటకు కావలసిన బలము ఎనిమిదిరెట్లగును. మేము మిషను బడిలో చదువునాడు లెక్కల మాస్టరుగారు ఘనములను నేర్పి, ఇది ఎందులకు పనికివచ్చునని యడిగిన పిల్లవానికి బెత్తముతో బదులు చెప్పెడివారు. పనికివచ్చుట ఇదిగో నిక్కడ. గంటకు ముప్పది నలుబది కిలోమీటర్ల వడితో పోవువానికి బలములో అధికభాగము గాలికే ఖర్చగును. అట్టివానికి నున్నని తొడుగు వరము వంటిది. 2016లో అమెరికాలోని నెవాడా ఎడారి బాటపై టాడ్ రైకర్ట్ అనునతడు అట్టి తొడుగులో కూర్చుండి కేవలము కాలిబలముతో గంటకు 144 కిలోమీటర్ల వడి నందుకొనెను. విన్నంతనే ఆశ్చర్యము గలుగును. కాని మన రైతు యూరియా బస్తాను క్యారేజిపై వేసికొని గంటకు పది పండ్రెండు కిలోమీటర్లు పోవును. ఆ వడికి గాలి అడ్డు స్వల్పము. అతనిని పట్టి లాగునది గాలి కాదు, నేల, నేలతోపాటు బరువు. తొడుగు గాలిని తగ్గించి బరువును పెంచును. మన మామూలు సైకిలు ఇరువది కిలోల లోపుగా నుండగా, గూడుసైకిలు ముప్పదికిని నలుబదికిని మధ్య తూగును. మిక్కిలి తేలికయైనవి లేకపోలేదు గాని వాని వెల చెప్పిన గుండె ఆగును. మనకు లేని జబ్బునకు మందుకొని, ఉన్న జబ్బును పెంచుకొన్నట్లగును.

ఇక నేల సంగతి. తారురోడ్డు మన పొలము దాక రాదు. తారు దిగిన తోడనే డొంక. డొంకలో బండ్లు, ట్రాక్టర్లు నడిచి లోతుగా గాళ్లు పడియుండును. సైకిలుకు కావలసిన దారి జానెడు. గాడి గట్టున గాని, చేని గనిమపై గాని, కాలువకట్ట అంచున గాని దూరి పోవును. దారి లేనిచోట దిగి త్రోసుకొనవచ్చును, పిల్లకాలువ అడ్డమైనచో భుజమునకెత్తుకొని దాటవచ్చును. మూడు చక్రముల బండికి మూడు జాడలు కావలెను. ఒక చక్రము గాడిలో దిగినచో బండి ఒరిగి దాని యడుగు నేలకు రాచుకొనును. అడుగెత్తు తక్కువ యగుటచేత నాపరాయి పలక యొక్కటి మొన తేలియున్నను చాలును, తొడుగు చీలిపోవును. పలనాటిలో రాయి లేని డొంక యెక్కడిది?

నల్లరేగడి మాట చెప్పనక్కఱలేదు. ఆషాఢ శ్రావణములలో ఒక జల్లు పడెనా, ఆ మట్టి చక్రమునకు మడ్‌గార్డుకు నడుమ మెత్తి, ఎండి, ఇటుకవలె బిగియును. అపుడు సైకిలు నాపి పుల్లతో గీకి మరల నెక్కుట మనకలవాటు. చక్రము తొడుగు లోపల దాగియున్నచో పుల్ల యెక్కడ పెట్టి గీకుట? వానకాలపు బండి యనుకొన్నది వానకాలముననే కదలదు. మన పెద్దలు గొంగళి కప్పుకొనియో, గోనెసంచిని తలపై కొప్పెరగా వేసికొనియో వానలో నడిచిపోయెడివారు. తడిసిన గోనె రెండు గడియలలో ఆరును.

వేడి విషయము మఱింత ముఖ్యమైనది. దీనినే మన యువకులు తలక్రిందుగా గ్రహించుచున్నారు. మనము తిన్న తిండిలోని శక్తిలో నాలుగవ వంతో అయిదవ వంతో మాత్రమే పెడలునకు చేరును. తక్కినదంతయు ఒంటిలో వేడిగా మాఱును. గంటసేపు త్రొక్కువాని దేహము చిన్న పొయ్యి వంటిది. ఆ వేడిని పోగొట్టునది చెమట. చెమటను ఆర్చునది గాలి. హాలెండువారికి చలి యెక్కువ, వాన తఱచు. వారికి ఆ పొయ్యి తొడుగులో నిలిచియుండుటయే సుఖము. అక్కడివారు సైతము తొడుగునుండి తల పైకి పెట్టుకొని త్రొక్కు బండ్లనే ఎక్కువగా వాడుచున్నారు. మనకు చైత్రము మొదలు జ్యేష్ఠము దాక ఆ తొడుగు కుమ్మరి ఆవమగును. "వడగాలి తగులకుండుట మంచిదే కదా?" అని ఒక సభ్యుడు మమ్మడిగెను. నీడలో ఊరక కూర్చున్నవానికి మంచిదే. పని చేయువాని చెమట ఆరుటకు ఆ గాలియే దిక్కు. గాలిలేని గూటిలో చెమట కారును గాని చల్లదన మీయదు. కావున మనకు కావలసినది పైకప్పు, గోడలు కావు. పందిరి వేయువారెవ్వరును నాలుగుప్రక్కల తడికలు కట్టరు.

ప్రక్కగాలి మాటయు ఉన్నది. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టువారికి ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు. అంత ఎత్తు ప్రభను ఇరుప్రక్కల మోకులు పట్టి నిలుపుదురు. గాలి కొంచెము మళ్లెనా, మోకులు పట్టినవారి చేతులు బొబ్బలెక్కును. గూడుసైకిలు ఎత్తు తక్కువే గాని అదియును తేలికగా నుండి ప్రక్కలు వెడల్పుగా గలదే. సాగరు కాలువకట్టపై ఆషాఢపు గాలి కొట్టునపుడు దానికి మోకులు పట్టువారెవరు?

మన గూడుబండి చరిత్రయే దీనికి మంచి సాక్ష్యము. గూడుబండి మన పెద్దల కాలమున ఉండెను. వెదురు వంపులపై చాప కప్పి, లోపల గడ్డిపై జంపఖానా పఱచి, పెండ్లికూతురును, బాలింతరాలిని, ఆసుపత్రికి పోవు రోగిని అందులో తీసికొనిపోయెడివారు. అది కలవారి యిండ్ల ముంగిట నుండెడిది. రైతు నిత్యము తోలినది బోరుబండి. పెంట తోలవలెను, జొన్నచొప్ప వేయవలెను, పత్తి బోరెములు పేర్చవలెను. గూడున్నచో ఇవి యెట్లు పట్టును? కప్పబడిన బండి మనుష్యులకు, తెఱచిన బండి పనికి. ఈ విభాగము నేటికిని మాఱలేదు. గూడుసైకిలులో ఒక మనిషియు, ఒక చేతిసంచియు పట్టును. ఇంటిదానిని వెనుక కూర్చుండబెట్టుకొని పోవు వీలు లేదు. ఎదురైన పెదనాన్నకు నమస్కరించుటకు దిగు వీలును లేదు. ఊరి నడుమ పలుకరింపులకు బదులీయకుండ పోవు బండి మన గ్రామమున ఒక వారము కంటె ఎక్కువ గౌరవముతో బ్రతుకదు. పిల్లలు వెంటబడి కేకలు వేయుదురు. వింతబండ్లకు తగిన చోటు వేఱే కలదు: హైదరాబాదులో సుధాకరుగారి కార్ల ప్రదర్శనశాలలో వంకాయ వంటి కార్లను, బూటు వంటి కార్లను చూచి మనమందఱము సంతోషింపవచ్చును. ఆయనయే 2005లో లోకమున కెల్ల పెద్దదైన మూడుచక్రముల సైకిలును చేసి కీర్తి గాంచెను. అది చూచుటకు గాని సంతకు పోవుటకు కాదు గదా.

మరమ్మతు మాట యెత్తినచో సైకిలు ఘనత తెలియును. 1949లో మద్రాసున టి.ఐ. వారి కార్ఖానా వెలసినది మొదలు మన దేశమున సైకిలు భాగములు ఒకే కొలతకు దొరకుచున్నవి. మాచర్లలో విఱిగిన పెడలుకు దాచేపల్లి అంగడిలో జోడు దొరకును. చెట్టుక్రింద గాలిపంపుతో, తొట్టెడు నీళ్లతో కూర్చున్న పనివాడు పంక్చరు వేయును. గూడుసైకిలు తొడుగు ఫైబరుతోనో కార్బనుతోనో చేసినది. మన వెల్డింగువానికి ఇనుము తెలియును, ఇది తెలియదు. నిజాంపట్నము తీరమున ఫైబరు పడవలను బాగుచేయువారు కలరు, నిజమే. కాని సైకిలు చీలినపుడెల్ల సముద్రము దాక పోవుట యెవరికి సాధ్యము? వెల చూతమా, ఐరోపాలో క్రొత్తబండి వేలకొలది యూరోలు. మన లెక్కలో లక్షలు. ఆ సొమ్ముతో మంచి ఒంగోలు ఎద్దుల జత వచ్చును. అంత పెట్టగలవాడు త్రొక్కనే త్రొక్కడు, మోటారుసైకిలు కొనును. ఎవరును కొనరు గనుక విరివిగా చేయరు. విరివిగా చేయరు గనుక వెల దిగదు.

మఱియొక భయము మేము దాచదలచుకొనలేదు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల రోడ్లపై సున్నపురాయి లారీలు, సిమెంటు లారీలు రాత్రింబవళ్లు పోవుచున్నవి. గూడుసైకిలులో కూర్చున్నవాని తల లారీ చక్రపు ఎత్తున నుండును. డ్రైవరునకు కనబడదు. నిటారు సైకిలుపై పోవువాడు కనీసము ఎద్దుబండి తోలువాని యెత్తున కనబడును. హాలెండులో సైకిళ్లకు వేఱు బాటలు పఱచి యుంచిరి. బండి కంటె ముందు బాట వచ్చినది. మనకు బాట లేక బండిని అడుగుచున్నాము.

ఇంతవఱకు వ్రాసినది చదివి, మేము సైకిలును మెచ్చి ఊరకుండుమని చెప్పుచున్నామని తలపవలదు. మేము నిజముగా కోపగించునది వేఱొకటి. మన పట్టణములలో దశాబ్దములపాటు త్రొక్కుడు రిక్షాలు నడిచినవి. వానికి గూడు కలదు. మడత పెట్టదగిన మంచి గూడు, కొన్నింటికి రంగురంగుల బొమ్మలు. ఆ గూడు ఎవరిపై నుండెను? కూర్చున్నవానిపై. చెమటోడ్చి త్రొక్కువాని తలపై తలగుడ్డయే. ఒక్క మూర ముందునకు ఆ గూటిని సాగదీసినచో త్రొక్కువానికిని నీడ వచ్చియుండెడిది. ఎన్నో యేండ్లు, ఎన్నో ఊళ్లు, ఎవరికిని తోచలేదు. తోచినను సవారి యడుగలేదు, రిక్షా యజమాని చేయింపలేదు, త్రొక్కువానికి అడుగు నోరు లేదు. 2008లో దుర్గాపురములోని కేంద్ర యాంత్రిక పరిశోధనాలయమువారు సూర్యశక్తితో నింపిన బ్యాటరీ సాయము గల సోలెక్‌షా అను రిక్షాను ఢిల్లీలో నడిపి చూపిరి. మంచి తలంపు. కాని అది ప్రబలలేదు. తరువాత పెడలే లేని బ్యాటరీ రిక్షాలు వచ్చి వీథులు నింపినవి. ఆటోలోను, బ్యాటరీ రిక్షాలోను నడుపువానిపై కప్పు కలదు. అనగా త్రొక్కుట మానిన తరువాతనే వానికి నీడ దొరకినది.

నేటికిని చూడుడు. కాలు లేనివారికి ప్రభుత్వమువారు కాన్పూరులోని అలిమ్కో సంస్థ చేసిన చేతిబండ్లను ఇచ్చుచున్నారు. అది గొప్ప సాయము. కాని మేము గ్రామములలో చూచినవానిలో కప్పు గలది యొక్కటియు లేదు. మిట్టమధ్యాహ్నము పింఛనుకై పోవు మనిషి నెత్తిపై తువాలు తడిపి వేసికొని చేతులతో త్రిప్పుకొనుచు పోవుచుండును. కూరగాయలు, ఐసు, పాతసామాను మోయు మూడుచక్రముల బండ్లకును ఇదే గతి. ఆకుకూర వాడకుండ తడిగోనె కప్పుదురు; త్రొక్కువాని కేదియు కప్పరు.

కావున మా సలహా ఇది. విదేశపు గూడుసైకిలు కొనుటకు సంఘము అప్పు ఈయరాదు. అప్పు తీర్చు రాబడి అందులో పుట్టదు. బరువు మోయు మూడుచక్రముల బండికి మాత్రము, త్రొక్కువానిపై కప్పు వేయించిన షరతుతో, అప్పు ఈయవచ్చును. గిడ్డంగి నుండి ఊరిలోనికి ఎరువు బస్తాలు చేరవేయుటకు సంఘమే రెండు బండ్లను కొని దినబాడుగకు ఇచ్చుట ఇంకను మేలు. ఎత్తైన బాటలున్న ఊళ్లవారు చిన్న బ్యాటరీ మోటారు తగిలింపదలచినచో, 250 వాట్లకును, గంటకు 25 కిలోమీటర్లకును లోబడిన దానినే చూచుకొనవలెను. అది దాటినచో రిజిస్ట్రేషను, లైసెన్సు వచ్చి పడును.

కప్పు మాట. ఇనుపరేకు వలదు, కాగును, బరువగును. నాలుగు సన్నని గొట్టపు కాళ్లు, వానిపై వెదురుబద్దల చట్రము, దానిపై దళసరి తెల్లగుడ్డ చాలును. కొన్ని కిలోల కంటె మించదు. కూర్చున్నవాని తలకు పైన మూరెడు ఎడముండవలెను. ముందంచు కొంచెము వంగి కంటిలో ఎండ పడకుండ చేయవలెను. ప్రక్కలు తెఱచియుండవలెను. వడమటిగాలి వీచు దినములలో విప్పి చుట్టిపెట్టుటకు వీలుగా కాళ్లను బిగింపక, గొట్టములో గొట్టము దూర్చి చీలతో నిలుపవలెను. వెనుక అంచునకు లారీ దీపములకు మెఱయు ఎఱ్ఱపట్టీ కుట్టింపవలెను. ఈ పనిని ఊరి వెల్డింగువాడును, మేదరియు, దర్జీయు కలిసి ఒక్క దినములో చేయగలరు. వచ్చు సర్వసభ్య సమావేశమునకు ముందే ఒక బండికి ఇట్టి కప్పు వేయించి సంఘపు ఆవరణలో నిలుపవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఆ దినమున మిట్టమధ్యాహ్నము, రెండు బస్తాల బరువుతో, డొంకలో ఒక మైలు త్రొక్కి చూచుటకు ఇష్టపడు సభ్యులు తమ పేర్లను కార్యదర్శి వద్ద వ్రాయించుకొనవచ్చును. యాబదియేండ్లు దాటినవారు ముందుగా రావలెనని మా మనవి.